సారీసా... సారీ'సా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బోర్డుల మీదుగా ఓ చిన్న గుర్తు యాత్ర

కొత్త ఊరికి వెళ్తే ఏం చూస్తాం? కోట, గుడి, చెరువు. ఆ తర్వాత ఎక్కడ బాగుంటుందో కనుక్కుని టిఫిన్ సెంటర్. కానీ ఈసారి పాలమూరు వైపు వెళ్తే కాస్త తల పైకెత్తి నడవండి. షాపుల మీద బోర్డులు చదవండి. ఒకచోట "సారీస్" అని ఉంటుంది. దాని పక్కనే "సారీ'స్" అని ఉంటుంది. ఇంకో బోర్డు మీద "టిఫిన్'స్", ఆ ఎదురుగా "బ్యాంగిల్స్", ఓ ఇంటి గేటుకి "రెడ్డీ'స్". ఎస్ అక్షరానికి ముందు, గాల్లో వేలాడే ఆ చిన్న కామా పేరే అపాస్ట్రఫీ. కొందరు పెడతారు, కొందరు పెట్టరు, కొందరు అందంగా ఉంటుందని పెడతారు.

చిన్న చుక్కే కదా అనుకుంటాం. కానీ ఎస్సెస్సీ, బ్యాంక్ పరీక్షల్లో "తప్పు కనిపెట్టండి" ప్రశ్నల్లో మార్కు కొట్టేసేది అదే. ఇంటర్వ్యూకి పంపిన రెజ్యూమెలో అవతలివాళ్ల కళ్లకు ముందు కనిపించేదీ అదే. ఇన్‌స్టాలో బోర్డు ఫొటో పెట్టి ఎవరో నవ్వుకునేది కూడా దాన్ని చూసే. అందుకే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... ఈ మూడు ఊళ్లూ తిరుగుతూ ఆ గుర్తు సంగతేంటో చూసొద్దాం. మూడూ ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోవే. 2016 అక్టోబర్ 11న మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఇప్పటికీ మూడూ ఒకే లోక్‌సభ సీటు కింద ఉన్నాయి.

గద్వాల: చీర ఒకటా, చీరలా?

కాచిగూడ నుంచి కర్నూలు వైపు వెళ్లే రైలెక్కితే మహబూబ్‌నగర్ దాటాక "వనపర్తి రోడ్" అని ఓ స్టేషన్ వస్తుంది. పేరు చూసి దిగేయకండి. స్టేషన్ మదనాపురం దగ్గర ఉంటుంది, వనపర్తి ఊరు అక్కణ్నుంచి దూరం. ఇంకాస్త ముందుకెళ్లి కృష్ణా నది దాటితే గద్వాల. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటారు.

ఊరి మధ్యలోనే కోట. సంస్థానాధీశుడు సోమనాద్రి పేరు ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. కోట లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, డిగ్రీ కాలేజీ కూడా ఉంది. ఆ కాలేజీకి మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరు పెట్టారు. కవులనూ పండితులనూ ఆదరించిన సంస్థానం కాబట్టి "విద్వద్గద్వాల" అన్న పేరొచ్చింది. భాష గురించి మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది?

ఇక చీరల సంగతి. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు రకాల దారాలు ఒకేచోట నిలవాలంటే అంచు పడుగునూ ఒంటి పడుగునూ విడివిడిగా పెట్టి, నేసేటప్పుడు పేక దారాలను ఒకదానిలో ఒకటి మెలేసి కలుపుతారు. కుట్టు అంచు అనేది దీన్నే. ఒళ్లు ఒక రంగు, అంచు ఇంకో రంగు, మధ్యలో అతుకు మాత్రం గట్టిగా ఉండాలి. అది సరిగ్గా పడకపోతే చీర ఉతికిన నాలుగోసారికే తెలిసిపోతుంది.

ఇప్పుడు బోర్డు చదువుదాం. "గద్వాల్ సారీస్" అంటే గద్వాల చీరలు. ఒకటి కంటే ఎక్కువ, అంతే. ఇంగ్లిష్‌లో ఎక్కువ అని చెప్పడానికి ఎస్ చాలు, పైన ఏ చుక్కా అక్కర్లేదు. "గద్వాల్ సారీ'స్" అంటే మాత్రం "గద్వాల చీర యొక్క..." అని అర్థం. చీర యొక్క ఏంటి? అంచా? రంగా? ధరా? వాక్యం సగంలో ఆగిపోయినట్టు ఉంటుంది. "సారీ'స్ బార్డర్" అంటే పూర్తవుతుంది: చీర అంచు.

ఒకే ఉదాహరణలో రెండూ చూడాలంటే తిరుమల దాకా వెళ్లాలి. బ్రహ్మోత్సవాల వేళ శ్రీవారికి గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. వీటిని నేసే నేతన్నలు ఆ నేత కాలమంతా నియమనిష్ఠలు పాటిస్తారు. దీన్ని ఇంగ్లిష్‌లో రాస్తే "లార్డ్'స్ ధోతీస్" అవుతుంది. స్వామివారివి కాబట్టి లార్డ్ దగ్గర చుక్క ఉంది. పంచెలు రెండు కాబట్టి ధోతీ దగ్గర ఉత్త ఎస్ ఉంది. రెండు ఎస్‌లూ పలకడానికి ఒకటే, పనులు వేరు.

మరి "గద్వాల్ సారీ" అన్నప్పుడు గద్వాల దగ్గర చుక్క ఎందుకు లేదు? చీర గద్వాలదే కదా? ఇక్కడ గద్వాల అనేది ఓనర్ పేరు కాదు, రకం పేరు. "హైదరాబాద్ బిర్యానీ", "పోచంపల్లి సారీ" లాగా. అదే "గద్వాల నేత కార్మికులు" అని ఊరికీ వాళ్లకీ ఉన్న సంబంధం చెప్పాలంటే "గద్వాల్'స్ వీవర్స్" అని రాస్తారు. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, ఉంది. ఈ పేరుతో అమ్మే చీర ఇక్కడి పద్ధతిలో, ఇక్కడ నేసినదే అయి ఉండాలని దాని భావం. "ఇది ఎవరిది?" అన్న ప్రశ్నకు చట్టం చెప్పే జవాబు అది.

ఇంకో విషయం తెలిస్తే "సారీ'స్" బోర్డు రాసినాయన మీద కోపం తగ్గుతుంది. 18వ శతాబ్దంలో ఇంగ్లిష్ వాళ్లే ఈ పని చేసేవాళ్లు. వేరే భాషల నుంచి వచ్చి అచ్చు శబ్దంతో ముగిసే మాటలకు బహువచనంలో అపాస్ట్రఫీ పెట్టడం అప్పట్లో మామూలే. సారీ కూడా వేరే భాష మాటే, అచ్చుతో ముగిసేదే. డచ్ భాషలో ఇప్పటికీ ఫొటోలు అనడానికి "ఫోటో'స్", ట్యాక్సీలు అనడానికి "ట్యాక్సీ'స్" అని రాయడమే కరెక్టు. ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో అయితే మన బోర్డుకు ఫుల్ మార్కులే! ఇక ఇంగ్లండ్‌లో కూరగాయల కొట్లవాళ్లు ధరల పలకల మీద ఇలాగే రాస్తారని ఈ తప్పుకి "కూరగాయల కొట్టు అపాస్ట్రఫీ" అని పేరే పెట్టారు. కాబట్టి ఇది పాలమూరు రోగం కాదు, ఇంగ్లిష్ పుట్టింట్లోనే ఉన్న రోగం.

వనపర్తి: బాలుడి బడా, బాలుర బడా?

గద్వాల నుంచి బయల్దేరి మళ్లీ కృష్ణ దాటి పెబ్బేరు మీదుగా వస్తే వనపర్తి. ఊళ్లోకి రాగానే తెలిసిపోతుంది, ఇది చదువుల ఊరని. సంస్థానాధీశుల ప్యాలెస్‌లోనే 1959 నుంచి పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. రాజుగారి మేడలో డిప్లొమా చదవడం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి! 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది.

ఈ వనపర్తికీ ఇంగ్లిష్ గ్రామర్‌కీ చాలామందికి తెలియని లింకొకటి ఉంది. వనపర్తి సంస్థానానికి చెందిన జె. రామేశ్వరరావు దౌత్యవేత్తగా ఆఫ్రికాలో పనిచేశారు, మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థకు అధిపతి కూడా ఆయనే. అదే ఇప్పటి ఓరియంట్ బ్లాక్‌స్వాన్. బడిలో "గుల్‌మొహర్" ఇంగ్లిష్ రీడర్ చదువుకున్నవాళ్లు దాని అట్ట ఓసారి గుర్తుచేసుకోండి. దేశమంతా పిల్లలకు ఇంగ్లిష్ నేర్పిన పుస్తకాలు అచ్చేసిన సంస్థ వెనక వనపర్తి మనిషి ఉన్నారు. ఆయన భార్య శాంతా రామేశ్వరరావు రచయిత్రి, హైదరాబాద్‌లో విద్యారణ్య స్కూల్‌ని 1961లో మొదలుపెట్టారు.

ఇంకా దగ్గరి సంగతి. 2022 మార్చి 8న "మన ఊరు–మన బడి" కార్యక్రమం మొదలైంది వనపర్తిలోనే. ఆ తర్వాతి విద్యా సంవత్సరం నుంచే సర్కారు బళ్లలో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. మార్చి 8 అంటే మహిళా దినోత్సవం కూడా. దాన్ని ఇంగ్లిష్‌లో ఎలా రాస్తారు? ఇక్కడే అసలు చిక్కు.

బోర్డుల మీద "బాయ్స్ హాస్టల్", "గర్ల్స్ హైస్కూల్", "లేడీస్ టైలర్", "విమెన్స్ కాలేజ్" చూస్తుంటాం. వీటిలో చుక్క ఎస్‌కు ముందా, వెనకా, అసలు వద్దా? ఇంగ్లిష్ గ్రామర్ పుస్తకం రెండు పేజీల్లో చెప్పేదాన్ని మన తెలుగు రెండు మాటల్లో తేల్చేస్తుంది. బోర్డును తెలుగులోకి మార్చి చూడండి.

"బాలుడి సైకిల్": ఒక్కడిది. బాయ్'స్, చుక్క ఎస్‌కు ముందు.
"బాలుర హాస్టల్": చాలామందిది. బాయ్స్', చుక్క ఎస్‌కు వెనక.
"బాలురు వచ్చారు": ఎవరిదీ కాదు, లెక్క మాత్రమే. బాయ్స్, చుక్క వద్దు.

అంతే సూత్రం. తెలుగులో డి వస్తే ముందు, ర గానీ ల గానీ వస్తే వెనక, ఉత్త రు లేదా లు వస్తే వద్దు. ఉపాధ్యాయుల దినోత్సవం, సెప్టెంబర్ 5. "ల" ఉంది కాబట్టి టీచర్స్', చుక్క వెనక. ఇక్కడ ఇంగ్లిష్ ఒకే శబ్దంలో మూడు అర్థాలు దాచేస్తుంది, అందుకే దానికి చుక్క కావాలి. మనకు చెవికే తేడా తెలిసిపోతుంది, అందుకే మనకు చుక్క అక్కర్లేదు. ఇంగ్లిష్ మీడియంలోకి కొత్తగా వచ్చిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ తెలుగు అడ్డం కాదు, ఇలాంటి చోట తెలుగే నిచ్చెన.

ఒక్క మినహాయింపు ఉంది. విమెన్, మెన్, చిల్డ్రన్... వీటిలో బహువచనం ఎస్‌తో రాదు. అందుకే ఎంతమంది ఉన్నా చుక్క ముందే: విమెన్'స్ డే, చిల్డ్రన్'స్ డే. "చిల్డ్రన్స్'" అని వెనక పెడితే తప్పు. పరీక్షల్లో ఎక్కువగా అడిగేది ఇదే. ఇక మదర్'స్ డే కథ వేరే. అమెరికాలో ఈ రోజును మొదలుపెట్టిన ఆనా జార్విస్ చుక్క ఎస్‌కు ముందే ఉండాలని పట్టుబట్టారు. లోకంలోని అమ్మలందరి రోజు కాదు, ఎవరి ఇంట్లో వాళ్ల ఒక్క అమ్మ రోజు అని ఆమె లెక్క. 1914లో అమెరికా ప్రభుత్వం ఆ రోజును అధికారికంగా ప్రకటించింది.

కానీ "బాయ్స్ హాస్టల్" అని చుక్క లేకుండా రాస్తే అది తప్పా? గ్రామర్ పుస్తకం ప్రకారం చుక్క ఉండాలి. బోర్డుల మీద, సంస్థల పేర్లలో దాన్ని వదిలేయడం మాత్రం లోకమంతా ఉంది. లండన్ మెట్రోలో "అర్ల్'స్ కోర్ట్" స్టేషన్‌కి చుక్క ఉంది, దాని తర్వాత కొద్ది దూరంలో వచ్చే "బారన్స్ కోర్ట్" స్టేషన్‌కి లేదు. కాబట్టి పరీక్షలో పెట్టండి, బోర్డు మీద లేకపోతే నవ్వకండి.

వనపర్తి రోడ్ల మీద ఫ్లెక్సీ షాపులకు కొదవ లేదు. పుట్టినరోజు శుభాకాంక్షల నుంచి కోచింగ్ సెంటర్ ర్యాంకుల దాకా అన్నీ అక్కడే పుడతాయి. అలాంటి ఓ షాపులో వినిపించిన మాట ఇది. కొత్తగా దుకాణం పెట్టుకుంటున్న కుర్రాడు అడిగాడు: "అన్నా, ఎస్‌కు ముందు ఆ సుక్క పెట్టాల్నా?" కంప్యూటర్ ముందు కూర్చున్నాయన తల తిప్పకుండానే చెప్పాడు: "నీ ఇష్టం తమ్మీ. పెడితే జర స్టైల్ ఉంటది. పైసలేం ఎక్కువ తీస్కోం."

నవ్వొస్తుంది గానీ ఆ "స్టైల్" మాటలో నిజం ఉంది. పెద్ద కంపెనీల పేర్లలో ఆ చుక్క చూసి చూసి అది బ్రాండ్ గుర్తులా కనపడుతోంది. మన హైదరాబాద్‌లో 1984లో మొదలైన డాక్టర్ రెడ్డీ'స్ నే తీసుకోండి. అక్కడ చుక్క సరిగ్గానే ఉంది: అది డాక్టర్ రెడ్డిగారి లేబొరేటరీస్. అదే చుక్కను ఇంటి గేటు మీద "ది రెడ్డీ'స్" అని పెడితే అర్థం మారిపోతుంది. ఇంట్లో ఉండేది రెడ్డి కుటుంబం అని చెప్పాలంటే "ది రెడ్డీస్" చాలు. ఇల్లు వాళ్లది అని చెప్పాలంటే "రెడ్డీస్' హౌస్".

మన పేర్లలో ఇంకో తిరకాసు: శ్రీనివాస్, దాస్, ప్రభాస్. పేరే ఎస్‌తో ముగిస్తే? "ప్రభాస్'స్ మూవీ" అనొచ్చు, "ప్రభాస్' మూవీ" అనొచ్చు. రెండింటినీ ఒప్పుకునే పుస్తకాలున్నాయి. ఒక వ్యాసంలో మొదట ఏది రాస్తే చివరిదాకా అదే రాయాలి. ఫ్యాన్స్ ఈ విషయంలో గొడవపడక్కర్లేదు.

వనపర్తిలో ఇంకో పేరు కూడా తలచుకోవాలి. గద్వాల ప్రాంతంలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచే హైదరాబాద్ శాసనసభకు గెలిచారు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, 354 మంది కవులతో 1934లో "గోలకొండ కవుల సంచిక" తెచ్చిన మనిషి. ఒక మాట రాలేదనో, ఒక గుర్తు తప్పిందనో ఒక ప్రాంతం మొత్తానికి చదువు లేదనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆయన వాళ్లతో అరవలేదు, లెక్క తీసి చూపించారు. ఇంటర్వ్యూ గదిలో మన ఇంగ్లిష్ విని పెదవి విరిచేవాళ్లకు కూడా ఆ పద్ధతే మంచిది. గుర్తు నేర్చుకుని, పెట్టి చూపిస్తే సరి.

నాగర్‌కర్నూల్: పోయిన అక్షరాల జాగా

వనపర్తి నుంచి ఈశాన్యం వైపు వెళ్తే నాగర్‌కర్నూల్. ఊరి పక్కన కేసరి సముద్రం చెరువు. ఇంకా ముందుకు పోతే అచ్చంపేట, ఉమామహేశ్వరం, నల్లమల అడవి. నంది వడ్డెమాన్ శనీశ్వరాలయం కూడా ఈ జిల్లాలోనే.

ఊరి పేరే ఓ వ్యాకరణ పాఠం. కర్నూలుకు పాత పేరు కందనవోలు. తుంగభద్ర దాటి పోయే బండ్లవాళ్లు చక్రాలకు కందెన పెట్టుకునే చోటని జనం చెప్పుకునే కథ. కందనవోలు జనం నోట్లో నలిగి నలిగి కర్నూలైంది. మధ్యలో అక్షరాలు రాలిపోయాయి, వాటి జాగాలో ఏ గుర్తూ మిగల్లేదు. ఇంగ్లిష్‌లో అయితే రాలిన అక్షరం జాగాలో ఓ చుక్క పెడతారు. అపాస్ట్రఫీ పుట్టిందే అందుకు.

16వ శతాబ్దంలో ఫ్రెంచ్ అలవాటు చూసి ఇంగ్లిష్ వాళ్లు దీన్ని తెచ్చుకున్నారు. "డు నాట్" కాస్తా "డోంట్" అయితే, పోయిన "ఓ" అక్షరం జాగాలో చుక్క. మరి "రాజుగారి" అనే చోట చుక్క ఎందుకు? పాత ఇంగ్లిష్‌లో అలాంటి చాలా మాటలకు చివర "ఎస్" ఒక్కటే కాదు, "ఈఎస్" చేర్చేవాళ్లు. తర్వాత ఆ "ఈ" పోయింది. దాని జాగాలో చుక్క మిగిలింది. అంటే "కింగ్'స్" లోని చుక్క ఓ అక్షరం సమాధి రాయి లాంటిది. బహువచనంలో చుక్క ఎస్ వెనక రావాలన్న రూలు స్థిరపడింది ఇంకా చాలా ఆలస్యంగా, 18, 19 శతాబ్దాల్లో.

ఇలాంటి గుర్తులు మనకూ ఉండేవి. సంస్కృత శ్లోకాల్లో "శివోఽహం" అని చూసే ఉంటారు. మధ్యలో ఎస్ లాంటి ఆ మెలిక పేరు అవగ్రహ. అక్కడ ఓ "అ" ఉండేది, సంధిలో పోయింది అని చెప్పడానికి అది. తెలుగుకైతే అరసున్న ఉండేది. పాత పుస్తకాల్లో "వాఁడు" అని ఉంటుంది. ఒకప్పుడు అక్కడ నిండు సున్న పలికేది, తర్వాత పలకడం ఆగింది, గుర్తు మిగిలింది. "ఏడు" అంటే 7. "ఏఁడు" అంటే సంవత్సరం. అరసున్న ఎక్కడ పెట్టాలో తెలియకపోతే పండితులు ఒప్పుకునేవాళ్లు కాదు. ఇప్పుడు ఏ పత్రికలోనూ అది లేదు, మీ ఫోన్ కీబోర్డులో వెతికితే ఏ మూలనో దొరుకుతుంది. అయినా మనకు వాడెవడో, ఏడు ఏంటో తెలుస్తూనే ఉంది.

తమాషా ఏంటంటే, పుస్తకాల్లో అరసున్నగా మారి, తర్వాత మాయమైన ఆ పాత సున్న నాగర్‌కర్నూల్ బస్టాండ్‌లో ఇంకా వినిపిస్తుంది. "పదేండ్లాయె ఈడికి రాక" అంటుంది ఓ పెద్దమ్మ. ఏండ్లు! పట్నంలో "ఏళ్లు" అని అరిగిపోయిన మాట, ఇక్కడ సున్నతో సహా బతికే ఉంది. పండితులు గుర్తు పెట్టి కాపాడాలనుకున్నది పోయింది, ఏ గుర్తూ లేకుండా నోటితో పలికింది నిలిచింది.

మరి అపాస్ట్రఫీ కూడా అరసున్న దారే పడుతుందా? ఆ భయం ఇంగ్లండ్‌లో గట్టిగానే ఉంది. జాన్ రిచర్డ్స్ అనే రిటైర్డ్ జర్నలిస్టు 2001లో ఏకంగా అపాస్ట్రఫీ పరిరక్షణ సంఘం పెట్టారు. తప్పు బోర్డులున్న షాపులకు మర్యాదగా ఉత్తరాలు రాసేవాళ్లు. 96 ఏళ్ల వయసులో, 2019లో, ఇక ఓడిపోయామంటూ దాన్ని మూసేశారు. తర్వాత వేరేవాళ్లు మళ్లీ నిలబెట్టారు. బ్రిస్టల్ నగరంలో ఒకాయన రాత్రిపూట పొడవాటి కర్రతో తిరుగుతూ బోర్డుల మీద చుక్కలు సరిదిద్దుతున్నాడని 2017లో బీబీసీ బయటపెట్టింది. ఇంకోవైపు అమెరికా ప్రభుత్వం 1890 నుంచీ ఊళ్ల పేర్లలో ఈ చుక్క వద్దనే అంటోంది. మార్తా'స్ విన్‌యార్డ్ లాంటి వాటికి మాత్రమే, వేళ్ల మీద లెక్కపెట్టేన్నింటికి, మినహాయింపు ఇచ్చింది. జర్మన్ భాషలో "ఎవరిది" అని చెప్పడానికి మామూలుగా వాడని ఈ చుక్కను షాపు పేర్లలో వాడుకోవచ్చని 2024లో అక్కడి స్పెల్లింగ్ మండలి ఒప్పుకుంది. ఒక దేశం తీసేస్తుంటే ఇంకో దేశం లోపలికి పిలుస్తోంది.

దాన్ని ఎక్కువగా నలిపేస్తున్నది మాత్రం మన చేతిలోని ఫోనే. వెబ్‌సైట్ అడ్రస్‌లో అపాస్ట్రఫీ పెట్టలేం. ఇన్‌స్టా యూజర్‌నేమ్‌లో కుదరదు. హ్యాష్‌ట్యాగ్ మధ్యలో పెడితే ట్యాగ్ అక్కడికే తెగిపోతుంది. అందుకే బోర్డు మీద చుక్క ఉన్న షాపుకి ఆన్‌లైన్‌లో చుక్క ఉండదు. ఇంకోటి చూడండి. ఫోన్‌లో రెండు రకాల అపాస్ట్రఫీలుంటాయి: నిటారుగా ఉండేది, వంపు తిరిగినది. వంపుది మామూలు ఎస్సెమ్మెస్ అక్షరాల పట్టికలో లేదు. అదొక్కటి పడితే చాలు, ఒక మెసేజ్‌లో 160 అక్షరాలు పట్టేది 70కి పడిపోతుంది. తెలుగులో ఎస్సెమ్మెస్ పంపితే తొందరగా రెండు మెసేజ్‌లైపోవడానికి కారణం కూడా ఇదే పట్టిక.

ఇక ఆటో కరెక్ట్. "ఇట్స్" అని కొట్టగానే చుక్క తానే వేసేస్తుంది. అందువల్ల తప్పు మనది కాకపోయినా మన పేరు మీదే పోతుంది. ఎలా పట్టుకోవాలి? ఆ మాటను "ఇట్ ఈజ్" లేదా "ఇట్ హ్యాజ్" అని విప్పి చదవండి. అర్థం కుదిరితే చుక్క ఉండాలి. కుదరకపోతే అది "దాని" అనే మాట, చుక్క వద్దు. "కోట, దాని గోడలు" అన్నప్పుడు "కోట, అది ఉంది గోడలు" అని చదివితే నవ్వొస్తుంది కదా, అంటే చుక్క తీసేయాలి. హిస్, హర్స్, యువర్స్, అవర్స్... వీటికీ చుక్క ఉండదు. నాది, మాది, మీది అన్న మాటల్లోనే సొంతం ఉన్నట్టు, వాటిలోనూ లోపలే ఉంది.

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి

1. ఎక్కువ అని చెప్పడానికి మాత్రమే అయితే చుక్క వద్దు: సారీస్, టిఫిన్స్, బ్యాంగిల్స్.
2. ఒక్కరిది అయితే ఎస్‌కు ముందు: టీచర్'స్ బైక్. చాలామందిది అయితే ఎస్ వెనక: టీచర్స్' డే.
3. విమెన్, మెన్, చిల్డ్రన్‌కు ఎప్పుడూ ముందే.
4. పొడి అక్షరాలకూ సంవత్సరాలకూ చుక్క అక్కర్లేదు: ఎమ్మెల్యేస్, ఏటీఎమ్స్, 1990స్. పరీక్షలో "ఏ" గ్రేడులు ఎన్నొచ్చాయో రాసేటప్పుడు మాత్రం "ఏ'స్" అని పెట్టొచ్చు, లేకపోతే వేరే మాటలా కనిపిస్తుంది.
5. ఇద్దరికీ కలిపి ఒకటే షాపు అయితే చివరి పేరుకే చుక్క: రాము అండ్ సీత'స్ షాప్. ఎవరి షాపు వాళ్లకుంటే ఇద్దరికీ: రాము'స్ అండ్ సీత'స్ షాప్స్.
6. అనుమానం వస్తే తెలుగులో అనుకోండి. డి, ర, ల, లు... ఏదొస్తుందో అదే దారి చూపిస్తుంది.

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి బెంగళూరు హైవే, అంటే 44వ నంబర్ జాతీయ రహదారి. నాగర్‌కర్నూల్‌కి జడ్చర్ల దగ్గర మళ్లాలి. వనపర్తికి కొత్తకోట గానీ పెబ్బేరు గానీ. గద్వాలకు కృష్ణ దాటాక ఎర్రవల్లి చౌరస్తా. దారిలో బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి నది ఒడ్డునే ఉంటుంది. రైలైతే కాచిగూడ నుంచి గద్వాల దాకా నేరుగా ఉంది. జూరాల డ్యామ్ దగ్గర చేపల వేపుడు తినకుండా రావద్దు. వనపర్తి జిల్లాలోని సరళాసాగర్ కూడా చూడండి. వరద నిండితే నీళ్లు సైఫన్ పద్ధతిలో వాటంతటవే బయటికి దూకుతాయి. రామేశ్వరరావు తల్లి సరళాదేవి పేరు మీద వచ్చిన పేరది. సరళ గారి సాగరం. ఇంగ్లిష్‌లో అయితే చుక్క పడేది.

మూడు ఊళ్లలో ఎక్కడ టీ తాగినా పక్కనున్నాయన అడిగే మొదటి మాట ఒకటే: "మీదే ఊరు?" జవాబు చెప్పి, అదే ప్రశ్న తిరిగి అడగండి. "మాది గద్వాల" అంటాడు. ఊరు మనదన్నట్టు చెప్పే ఆ "మాది"ని ఇంగ్లిష్‌లోకి ఎలా మారుస్తారో, చుక్క ఎక్కడ పెడతారో బస్సులో తిరిగొస్తూ ఆలోచించండి. జవాబు తోస్తే కింద కామెంట్‌లో రాయండి.